ఒకే అట్టపెట్టెలో కౌజు పిల్లలూ కోడిపిల్లలూ: బోడుప్పల్ కేసు

డిసెంబర్ చివర్లో వచ్చిన కేసు ఇది. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో సొంతిల్లు, పైన డాబా, డాబా మీద పాత సామాను వేసుకునే రేకుల గది. ఇంట్లో భార్యాభర్తలు, ఆరో తరగతి చదివే బాబు, జనగామ వైపు పల్లెలో కోళ్ల మధ్యే పెరిగిన అత్తమ్మ. ఒక రోజు వయసున్న కౌజు పిట్ట పిల్లలు ముప్పై, రాజశ్రీ అనే పెరటి జాతి కోడిపిల్లలు పది తెచ్చుకున్నారు. దారిలో బుట్టలో పెట్టి అమ్ముతున్న రంగు కోడిపిల్లల్ని చూసి బాబు మారాం చేస్తే గులాబీ రంగుది ఒకటి, పచ్చది ఒకటి అవీ కొన్నారు. అన్నిటినీ కలిపి టీవీ వచ్చిన అట్టపెట్టెలో వదిలి, కింద న్యూస్‌పేపర్ పరిచి, పైన బల్బు వేలాడదీశారు. మూడో రోజు పొద్దున నా పశువైద్య క్లినిక్‌కి వచ్చేసరికి కౌజుల్లో పదకొండు చచ్చిపోయాయి, ఇంకో నాలుగు కాళ్లు చాపేసి పడి ఉన్నాయి. కోడిపిల్లలు మాత్రం గంతులేస్తున్నాయి.

"ఏదో తెగులు తగిలింది సార్, గట్టి మందు రాయండి" అన్నాడాయన. అప్పటికే మెడికల్ షాపులో మనుషులకిచ్చే యాంటీబయాటిక్, టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ కొని, విప్పి నీళ్లలో కలిపేశారు. పెరటి కోళ్ల కేసుల్లో నాకు రోజూ కనిపించే పనే ఇది. ఆ మందు చేదు, చేదుకి పిల్లలు నీళ్లు తాగడం తగ్గిస్తాయి, అసలే ఎండిపోతున్న పిల్ల ఇంకా ఎండిపోతుంది. నా లెక్క ఏంటంటే, మొదటి వారంలో పిల్లలు చస్తుంటే ముందు వేడి, నీళ్లు, మేత చూడాలి. ఆ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే తెగులు గురించి ఆలోచించాలి.

ఒక మంచి పని చేశారు, చచ్చిన వాటిని పారేయకుండా కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చారు. ఫ్రిజ్ అంటే కింది అర, గడ్డ కట్టే అర కాదు, గడ్డ కడితే లోపలి భాగాలు చూడటానికి పనికిరావు. మూడింటిని కోసి చూశాను. కౌజు పిల్ల మన బొటనవేలంతే ఉంటుంది, చిన్న కత్తెరతో పొట్ట కింది చర్మం కత్తిరిస్తే చాలు, మొత్తం తెరుచుకుంటుంది. గొంతు కింద మేత తిత్తి ఖాళీ. కందనకాయలో మేత గింజ ఒక్కటీ లేదు, నలిగిన కాగితం పీలికలు, ఎండిన రెట్ట ముక్కలు. పొట్టలో పసుపు సొన ఇంకా మిగిలే ఉంది. పిల్ల గుడ్డులోంచి తెచ్చుకున్న ఆ సొనే మొదటి రెండు మూడు రోజుల తిండి, వెచ్చగా ఉండి తింటూ తిరుగుతుంటే అది తొందరగా కరిగిపోతుంది, చలికి ముడుచుకుని కూర్చుంటే అలాగే ఉండిపోతుంది. ఆ సొనకి చెడు వాసన లేదు, రంగు మారలేదు, అంటే బొడ్డు నుంచి చీము పట్టిన కేసు కాదు. మూత్రపిండాలు పాలిపోయి తెల్ల గీతలు తేలాయి, అది నీళ్లు తక్కువైన గుర్తు. కాలేయం మీద మచ్చల్లేవు, ఊపిరితిత్తుల్లో బూజు వల్ల వచ్చే గింజల్లేవు, పేగుల్లో పుండ్లు లేవు. మూడో పిల్ల కథ వేరే, ఈకలు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి, అది నీళ్ల పళ్లెంలో మునిగి చచ్చింది.

కాబట్టి తెగులు లేదు. చలి, ఆకలి, దాహం, ఒక మునక.

రాత్రి పెట్టె పైనుంచి ఫోన్లో వీడియో తీసి పంపమన్నాను. ఇలాంటి కేసుల్లో నేను తప్పకుండా అడిగేది ఇది, ఎందుకంటే ఇంటివాళ్లు చెప్పేది ఒకటుంటుంది, పెట్టెలో జరిగేది ఇంకొకటుంటుంది. వీడియోలో బల్బు తెల్లగా వెలిగిపోతోంది, పిల్లలన్నీ ఒక మూలకి కుప్ప పడి ఉన్నాయి, ఆ కుప్ప పైన కోడిపిల్లలు, కింద కౌజులు. బల్బు ఎన్ని వాట్లని అడిగితే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ అన్నారు. వెలుతురు ఉంటే వేడి ఉన్నట్టే అనుకున్నారు పాపం. పాత పుస్తకాల్లో, వీడియోల్లో "బల్బు పెట్టండి" అంటే అది ఫిలమెంట్ బల్బు, కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగానే వదిలేసేది. ఎల్‌ఈడీ కింద పిల్లని పెడితే దానికి దక్కేది వెలుతురే. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు ప్రతి కిరాణాలో దొరకవు, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో వెతకాలి, లేదంటే సెరామిక్ హోల్డర్‌తో ఇన్‌ఫ్రారెడ్ బల్బు కొనుక్కోవాలి. వీళ్లకి రెండు 60 వాట్ల బల్బులు పెట్టించాను. ఒకటి మాడిపోతే రెండోది ఉంటుందని రెండు.

ఎంత వేడి అన్నది కూడా ఇద్దరికీ ఒకటి కాదు. కౌజు పిల్ల పుట్టినప్పుడు ఏడెనిమిది గ్రాములు, కోడిపిల్ల 35 నుంచి 40 గ్రాములు. చిన్న గ్లాసులో టీ తొందరగా చల్లారినట్టు చిన్న ఒంటి వేడి తొందరగా పోతుంది. మొదటి వారం కౌజు పిల్లలకి వాటి వీపు ఎత్తులో 36, 37 డిగ్రీలు కావాలి, కోడిపిల్లలకి 33 నుంచి 35 సరిపోతుంది. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. థర్మామీటర్ గోడకి తగిలిస్తే లాభం లేదు, పిల్లలు నిలబడే చోట నేల దగ్గర పెట్టాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద కుప్ప పడితే చలి, బల్బుకి దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా చెదిరి తింటుంటే సరిగ్గా ఉన్నట్టు, అన్నీ ఒకే పక్కకి చేరితే ఆ ఎదుటి పక్క నుంచి గాలి కొడుతున్నట్టు.

ఈ ఇంట్లో ఇంకో చిక్కు ఆ రేకుల గది. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రి 12, 13 డిగ్రీలకి పడిపోవడం మామూలే, తెల్లవారుజామున రేకుల కింద గడ్డకట్టినంత చలి, అదే గది మధ్యాహ్నం రెండింటికి ఉడికిపోతుంది. పెద్ద పెట్టె తీసుకుని బల్బుల్ని ఒక చివరే పెట్టమన్నాను, రెండో చివర చల్లగా ఉంటే పిల్లలు తమకి కావాల్సిన చోటికి అవే జరుగుతాయి. కుదిరితే మొదటి రెండు వారాలు కింద ఇంట్లోనే పెట్టుకోమన్నాను, వాసన వస్తుందని ఇంటావిడ కాస్త గునిసినా మెట్ల కింద చోటు ఇచ్చింది.

కరెంటు పోతే ఏం చేయాలన్న ప్రశ్నకి అత్తమ్మ దగ్గర జవాబు రెడీగా ఉంది, కుంపటి. పల్లెలో గంప కింద కోడీ పిల్లలూ, పక్కన నిప్పుల కుంపటి, అది నాలుగు వైపులా గాలాడే పంచలో. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ పిల్లల్నే కాదు, మెట్ల పక్క గదిలో పడుకున్న మనుషుల్నీ తీసుకుపోతుంది. ఇక్కడ మాత్రం అత్తమ్మ మాట వినొద్దని గట్టిగానే చెప్పాను. వేణ్నీళ్లు పోసిన బాటిళ్లకి పాత లుంగీ గుడ్డ చుట్టి పెట్టె మూలల్లో పెట్టి, పైన గాలి ఆడేలా దుప్పటి సగం కప్పితే రెండు గంటలు లాగించొచ్చు.

నీళ్ల పళ్లెం విషయం చిన్నదే కానీ కౌజుల్ని తరచుగా చంపేవాటిలో ఇదొకటి. వీళ్లు పెట్టింది ఇంట్లో స్టీలు ప్లేటు, అర అంగుళం నీళ్లు. కోడిపిల్ల అందులో కాళ్లు తడుపుకుని బయటికి వస్తుంది, కౌజు పిల్ల అందులోనే పడి లేవలేదు. బాబు గోళీలు కడిగి పళ్లెం నిండా పరిపించాను, గోళీల సందుల్లోంచి ముక్కుతో తాగుతాయి, పడినా మునగవు. గోళీలు మెరుస్తుంటే పిల్లలు పొడిచి చూస్తాయి, అలా తాగడం నేర్చుకుంటాయి కూడా. వచ్చిన మొదటి రోజు ఒక్కో పిల్ల ముక్కు నీళ్లలో ముంచి చూపించాలి. ఆ రోజు కాస్త బెల్లం నీళ్లు ఇవ్వడం మన ఇళ్లలో ఉన్న అలవాటే, మంచిదే, కానీ బెల్లం నీళ్లు పూట దాటితే పులుస్తాయి, పారబోయాలి.

కాళ్లు చాపేసిన నాలుగింటి సంగతి. న్యూస్‌పేపర్ నున్నగా ఉండి కాళ్లు జారుతాయి, రెండు రోజులు అలా జారితే తొడ కీళ్లు పక్కకి విచ్చుకుపోతాయి. పేపర్ తీసేసి అట్టపెట్టె లోపలి గీతల పొర పైకి వచ్చేలా పరిపించాను. బ్యాండ్‌ఎయిడ్‌ని నిలువుగా సన్నగా కత్తిరించి రెండు కాళ్ల మధ్య మామూలుగా నిలబడేంత దూరం వదిలి కట్టాం. రెండు నిలబడ్డాయి, రెండు పోయాయి. ఐదారు రోజులయ్యాక వరి ఊక వేయొచ్చు. రంపపు పొట్టు మాత్రం వద్దు, సన్నది, మేత అనుకుని తినేస్తాయి.

ఇక మేత. కోళ్ల మేత షాపులో బ్రాయిలర్ ప్రీస్టార్టర్, అంటే మాంసం కోళ్ల పిల్లలకి మొదట్లో పెట్టే మేత, ఇచ్చారు, ఆ మేత మంచిదే. గింజ సైజే సమస్య, కౌజు ముక్కుకి అది పట్టదు. మిక్సీలో తిప్పి రవ్వ జల్లెడ పట్టి పొడి చేసి ఇవ్వమన్నాను, అంతే, అదే రోజు సాయంత్రానికి మేత తిత్తులు నిండాయి. రాత్రి పడుకునే ముందు పిల్లని చేతిలోకి తీసుకుని గొంతు కింద వేలితో తడిమి చూడండి, మెత్తగా బఠాణీ గింజలా తగిలితే తిన్నట్టు. కౌజు పిల్లలకి మొదటి మూడు వారాలు 24 నుంచి 27 శాతం ప్రొటీన్ కావాలి, రాజశ్రీ లాంటి పెరటి జాతులకి 20 దగ్గర సరిపోతుంది. బ్రాయిలర్ ప్రీస్టార్టర్‌లో 22, 23 ఉంటుంది కాబట్టి కౌజులకి పైన ఉడికించిన గుడ్డు సన్నగా చిదిపి కొంచెం వేయొచ్చు, గంటలో తినకపోతే తీసేయాలి. అత్తమ్మ నూకలు వేద్దామన్నారు. నూకల్లో ప్రొటీన్ ఏడెనిమిది శాతమే. పల్లెలో నూకలు తిన్న కోడిపిల్ల పెంటకుప్ప మీద పురుగులు, చెదలు ఏరుకుని మిగతాది పూరించుకుంటుంది. అట్టపెట్టెలో చెదలెక్కడివి?

రెండు జాతుల్నీ వేరు చేయించడం నేను ఎక్కువ పట్టుబట్టిన విషయం. తొక్కుడు ఒక కారణం, ఐదింతలు బరువున్న కోడిపిల్ల రాత్రి కౌజు మీద కూర్చుంటే కౌజుకి ఊపిరాడదు. అసలు కారణం తర్వాత బయటపడేది. కౌజుల్లో పేగు పుండ్ల జబ్బు ఒకటుంది, క్లాస్ట్రీడియం కొలైనమ్ అనే బ్యాక్టీరియాది, ఆంగ్లంలో దాన్ని కౌజు జబ్బు అనే పిలుస్తారు, అంతగా వాటినే పట్టుకుంటుంది. పైకి బాగానే కనిపించే కోడి ఆ బ్యాక్టీరియాని రెట్టలో వదులుతూ తిరగగలదు, ఆ రెట్ట కలిసిన మేత, నీళ్లు తీసుకున్న కౌజులు కొద్ది రోజుల్లోనే కుప్పలుగా పడిపోతాయి. కాబట్టి వేరే పెట్టెలు, వేరే గిన్నెలు, పొద్దున ముందు కౌజుల పని, తర్వాత కోళ్ల పని, మధ్యలో చేతులు సబ్బుతో కడగడం. చేతులు కడగడం మనకోసం కూడా, పిల్లల రెట్టలో మనుషులకి విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, బాబు వాటిని ముద్దు పెట్టుకుంటున్నాడు.

రంగు పిల్లల గురించి ఒక మాట. అవి గుడ్ల కోళ్ల హేచరీల్లో, అంటే పిల్లల్ని పొదిగించే చోట, పనికిరావని తీసేసిన మగ పిల్లలు, వాటికి టీకా ఉండదు, రంగులో ముంచి ఎండలో ఆరబెట్టి ఊరంతా తిప్పుతారు. వాటిని విడిగా మూడో పెట్టెలో పెట్టించాను. పచ్చది ఆ వారమే పోయింది. గులాబీది బతికి, ఈకలు మారి తెల్ల పుంజు అయింది, బాబుకి నమ్మకం కుదరక కొత్తది తెచ్చి పెట్టారని గొడవ చేశాడట.

ఇవన్నీ మార్చాక చావులు ఆగాయి. ముప్పై కౌజుల్లో పదిహేడు మిగిలాయి. ఒక్క మందూ రాయలేదు, ఫీజు ఇచ్చి మందు లేకుండా పోతున్నామే అన్న వెలితి ఆయన మొహంలో కనిపించింది, దానికి నేను చేయగలిగింది లేదు.

టీకాల దగ్గర పెరటి కోళ్లవాళ్లందరికీ ఉండే ఇబ్బందే వీళ్లకీ వచ్చింది. కొక్కెర తెగులుకి లసోటా అనే టీకా వారంలోపు కంట్లో చుక్క, పధ్నాలుగో రోజు ప్రాంతంలో గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకి టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా. సీసాలేమో వంద, రెండు వందల డోసులవి, ఇక్కడున్నవి పది పిల్లలు. ఒకసారి కలిపిన మందు గంట, గంటన్నరలో వాడేయాలి, రేపటికి దాచుకుంటే నీళ్లతో సమానం. బోడుప్పల్, పీర్జాదిగూడలో డాబా కోళ్లు పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు, ఏడెనిమిది ఇళ్లవాళ్లు ఒక ఆదివారం ఒకేచోట చేరి వేయించుకున్నారు. సీసాని ఫ్లాస్కులో ఐస్ ముక్కల మధ్య తీసుకురావాలి, కూరగాయల కవర్లో ఊపుకుంటూ తెస్తే టీకా దారిలోనే చచ్చిపోతుంది. చుక్క వేసేవాళ్లు తమ కళ్లు నలుపుకోకూడదు, ఆ వైరస్ మనుషులకి కళ్లకలక తెప్పిస్తుంది. మారెక్స్ అనే ఇంకో వైరస్ జబ్బు టీకా హేచరీలోనే పుట్టిన రోజు వేస్తారు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి. కౌజులకి మన దగ్గర మామూలుగా టీకాలు వేయరు.

నాలుగో వారం దాటాక మళ్లీ ఫోన్. కోడిపిల్లల పెట్టెలో ఊక మీద రక్తం. ఫొటో చూస్తేనే తెలిసిపోయింది, రక్తపారుడు, కాక్సిడియోసిస్. నీళ్ల డబ్బా కారి దాని చుట్టూ ఊక ముద్దయిపోయింది, ఈ జబ్బు తెచ్చే పేగు పరాన్నజీవి కాక్సిడియా, రెట్టలో పడే దాని గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే రెండు రోజుల్లో అంటించే స్థితికి వస్తాయి. ఈసారి మందు రాశాను, ఆంప్రోలియం, నీళ్లలో, ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో, వేరే నీళ్లు పెట్టకుండా. అడిగితే బి-కాంప్లెక్స్ టానిక్ కూడా పోస్తున్నామన్నారు, బలానికి. అది ఆపించాను. ఆంప్రోలియం పనిచేసేదే ఆ పరాన్నజీవికి విటమిన్ బి1 అందకుండా చేసి, మనం పక్కనుంచి బి1 పోస్తే మందు నీరుగారిపోతుంది. తడి ఊక మొత్తం ఎత్తించి, డబ్బాని ఇటుక మీద పెట్టించాను. ఒక పిల్ల పోయింది, తొమ్మిది నిలిచాయి. కౌజులకి అంటుకుంటుందా అని భయపడ్డారు, కోళ్ల కాక్సిడియా కోళ్లకే, కౌజులకి సోకదు.

డాబా మీదికి మార్చే ముందు పావురాల వల కట్టించాను. హైదరాబాద్‌లో డాబా మీద మేత పెడితే అది సగం పావురాలకే, ఆ పావురాలు కొక్కెర తెగులు వైరస్‌ని మోసుకొస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు డాబా కోళ్లవాళ్లు చాలామంది ఫోన్లు చేసి టెన్షన్ పడ్డారు, అప్పుడూ ఇదే చెప్పాను, బయటి పక్షి మీ మేతలో ముక్కు పెట్టకుండా చూసుకోండి, హఠాత్తుగా చాలా కోళ్లు చస్తే ముట్టుకోకుండా పశువైద్యశాలకి చెప్పండి. కింద అంచుకి అర అంగుళం కంటే పెద్ద కన్ను లేని ఇనుప జాలీ కట్టాలి, పందికొక్కులకి నైలాన్ వల ఒక లెక్క కాదు. కౌజులు బెదిరితే నిట్టనిలువుగా ఎగిరి తల కొట్టుకుంటాయి కాబట్టి వాటి గూడు పైకప్పు జానెడు ఎత్తులో ఉంచి ఎగరకుండా చేయడమో, మెత్తటి వల వేయడమో చేయాలి.

ఐదో వారం దాటాక ఇంటావిడే ఫోన్ చేసింది, కౌజుల రెట్టలో తెల్ల నురుగు వస్తోంది, పారుడేమోనని. అది పారుడు కాదు, మగ కౌజు ఈడుకొచ్చిన గుర్తు, తోక కింద గ్రంథి నుంచి వచ్చే నురుగు. ఛాతీ ఎర్రమట్టి రంగులో ఉన్నవి మగవి, చుక్కలున్నవి ఆడవి, మూడో వారం నుంచే తేడా తెలుస్తుంది. పదిహేడులో మగవి తొమ్మిది, ఆడవాటి నెత్తి పొడిచి రక్తాలు కారుస్తున్నాయి. మూడు ఆడవాటికి ఒక మగది చాలు, మిగతావి వేరు చేయమన్నాను, ఆ మిగతావి సంక్రాంతి దాటిన చాలా రోజులకి కూరలోకి వెళ్లాయని తర్వాత తెలిసింది. ఏడో వారంలో గుడ్లు మొదలయ్యాయి, సాయంత్రం పూట పెడతాయి, పొద్దున గూడు వెతికి లేవని దిగులు పడొద్దు. చలికాలంలో పగలు తక్కువ, గుడ్లు ఆగకుండా ఉండాలంటే వెలుతురు రోజుకి పధ్నాలుగు నుంచి పదహారు గంటలు ఉండాలి, దీనికైతే ఆ తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఇప్పుడు అత్తమ్మ గారి కొత్త ప్లాను, కౌజు గుడ్లు పొదిగించడం. పెంపుడు కౌజు పెట్టలు పొదగవు, ఆ గుణం వాటిలో పోయింది. ఇంక్యుబేటర్ లేకపోతే పొదుగుకొచ్చిన నాటుకోడి కింద పెట్టొచ్చు, కోడి గుడ్లకి 21 రోజులైతే వీటికి 17, 18. పదిహేనో రోజు నుంచే బల్బుల పెట్టె సిద్ధం చేసుకుని, పిల్ల బయటికి రాగానే కోడి కిందనుంచి తీసేయమని చెప్పాను.